పోలరాజుకి వంద మార్కులు

నన్నెవరైనా 'మాలిష్ డాక్టర్' అంటే నాకు ఒళ్లు మండుతుంది. కటక్ దగ్గర ఏళ్ల తరబడి చదివి, ఎముకల పేర్లూ కండరాల పేర్లూ బట్టీ పట్టి, ఫిజియోథెరపిస్టునని సర్టిఫికెట్టు తెచ్చుకుంటే, జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్లు నాకిచ్చిన బిరుదు అది. కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లకి నూనె రాసి రుద్దడమే నా పని అని వాళ్ల నమ్మకం. కొందరైతే నువ్వులనూనె సీసా కూడా వెంట తెచ్చుకునేవారు, ఆసుపత్రి నూనె మంచిది కాదేమోనని.

అందుకే ఎనభై రెండులో ఆ పట్టిక నా చేతికి వచ్చినప్పుడు నాకు పట్టపగ్గాల్లేవు. ఒకే ఒక్క కాగితం. పది ప్రశ్నలు, వంద మార్కులు. పక్షవాతం వచ్చిన మనిషి తన అన్నం తను తింటాడా, తన స్నానం తను చేస్తాడా, బట్టలు తొడుక్కుంటాడా, పాయఖానాకి వెళ్లొస్తాడా, మెట్లెక్కుతాడా అంటూ ఒక్కొక్కదానికి ఇన్నేసి మార్కులు. అన్నీ కూడితే ఆ మనిషి రోజు ఎంతవరకు అతని చేతుల్లో ఉందో తేలిపోతుంది. ఎవరో దూరదేశంవాళ్లు తయారుచేసింది. రొట్టెకి వెన్న రాసుకోగలడా అని కూడా ఉంది అందులో. నేను దాన్ని కొట్టేసి 'అన్నం కలుపుకోగలడా' అని పెన్నుతో రాసుకున్నాను. నూనె సీసాలవాళ్ల ముందు అట్ట మీద ఆ కాగితం బిగించి, పెన్ను మూత తీసి కూర్చుంటే నా హోదాయే వేరు.

ఆ హోదాలో ఉండగా వచ్చాడు పోలరాజు. నలభై ఆరేళ్లు. కార్ఖానాలో, రోలింగు మిల్లు కప్పు కింద నడిచే పెద్ద క్రేన్‌కి డ్రైవరు. ఇరవై రెండేళ్లు ఆ ఎత్తునుంచి లోకాన్ని చూసినవాడు. రెండు నెలల కిందట ఒక ఉదయం మంచం దిగబోతే కుడి కాలూ కుడి చెయ్యీ రాలేదు. కొన్నాళ్లు వార్డులో ఉంచి ఇంటికి పంపారు. కాలు కొంత తేరుకుంది, పట్టుకుంటే నడుస్తాడు. చెయ్యి మాత్రం ఒళ్లో ముడుచుకుని పడుకునే ఉంది. శుక్రవారం అతన్ని మెడికల్ బోర్డు చూడబోతోంది. తన అవసరాలు తను చూసుకుంటూ, రెండో చెయ్యి ఎంతో కొంత సాయం పట్టేలా ఉంటే టూల్ రూమ్‌లో తేలిక పని ఇస్తారు. కిటికీ దగ్గర కూర్చుని, పనివాళ్లిచ్చిన ఇత్తడి బిళ్లలు కొక్కేలకి తగిలించి, పనిముట్లు అందించడం. లేదంటే 'పనికి పనికిరాడు' అని కాగితమిచ్చి ఇంటికి పంపేస్తారు. ఆ బోర్డుకి ముందు పట్టిక నింపి ఇవ్వడం నా వంతు.

పోలరాజు పక్కనే అతని భార్య దాలమ్మ నిలబడింది. సన్నగా, గట్టిగా, ముక్కుకి రెండు పక్కలా అడ్డబాసలు పెట్టుకుని. శ్రీకాకుళం వైపు మనిషి. మాది పర్లాకిమిడి కాబట్టి ఆ యాస వినగానే నాకు ప్రాణం లేచొస్తుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

"అన్నం తనే తింటాడా?"

"ఆయనే తింతాడు బాబూ," అంది దాలమ్మ.

"ఎవరూ సాయం చెయ్యక్కర్లేదా?"

"ఎవులు సేత్తారు బాబూ? ఆయనే."

"స్నానం?"

"ఆయనే."

"బట్టలు? బొత్తాలు?"

"ఆయనే."

"మెట్లెక్కుతాడా?"

"గబగబా ఎక్కేత్తాడు."

పోలరాజేమో పెళ్లిచూపులకి వచ్చిన పెళ్లికొడుకులా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ల మధ్య నేను గాజు గోళీ పెట్టి పట్టుకోమంటే అది జారి గదంతా దొర్లింది. సరే, కుడి చెయ్యి పోయినా ఎడం చేత్తో అన్నీ చక్కబెట్టుకుంటున్నాడు కాబోలు, ఎంత గట్టి మనిషి అనుకున్నాను. మనవాళ్లలో ఎడం చేత్తో అన్నం ముద్ద ఎత్తేవాడెవడురా అని ఒక్క క్షణం కూడా నా బుర్రకి తట్టలేదు. కూడి చూస్తే వందకి వంద. కింద గీత గీసి సంతకం పెట్టాను.

మా విభాగం పెద్ద డాక్టర్ సీతారామరావు గారు ఆ కాగితం చూసి కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"వందా! నాకే రావయ్యా కూర్మారావ్ ఇన్ని మార్కులు. రెండంతస్తులెక్కితే ఆయాసమొస్తుంది నాకు. వచ్చే సోమవారం నుంచి ఇతన్ని క్రేనెక్కించేద్దామా? నలభై అడుగుల నిచ్చెనట."

 ఆయన నా భుజం పట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. కింద గేటు దగ్గర రిక్షా ఆగి ఉంది. దాలమ్మ నేల మీద కూర్చుని మొగుడి పాదం ఎత్తి చెప్పులో దూరుస్తోంది. తర్వాత ఆమె ఒక పక్కా రిక్షావాడు ఒక పక్కా పట్టి అతన్ని బియ్యం బస్తాలా ఎక్కించారు.

"అడిగి రాశావా, చూసి రాశావా?" అన్నారు సీతారామరావు గారు.

"అడిగి."

"ఎవర్ని?"

 ఆయన వంద మార్కుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులోనే పెట్టారు.

బుధవారం పొద్దున్నే ఆదిత్యపూర్‌లో నా గదినుంచి బయల్దేరి, ఖర్కాయి వంతెన దాటి, బిష్టుపూర్ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ భాలుబాసా చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పోలరాజు ఇల్లు రెండు గదులూ ఒక అరుగూ. వాళ్లమ్మాయి తవిటమ్మ స్కూలుకి బయల్దేరుతూ గుమ్మంలో ఎదురైంది.

"నాన్నగారు లేచారా అమ్మా?" అన్నాను.

"హాఁ, ఉఠ్ గయే. మా ముహ్ ధులా రహీ హై," అని హిందీలో చెప్పేసి, రిబ్బన్ సర్దుకుంటూ వెళ్లిపోయింది. లేచాడట, వాళ్లమ్మ మొహం కడుగుతోందట. ఆ పిల్ల ఒక్క వాక్యంతో నా మొదటి ఐదు మార్కులు ఎగరగొట్టింది.

మిగతావి ఎగిరిపోవడం నేను కళ్లారా చూశాను. దాలమ్మ అతని పళ్లు తోమింది. పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోసింది, వీపు రుద్దింది, తల తుడిచింది. లుంగీ కట్టింది, చొక్కా తొడిగింది, బొత్తాలు పెట్టింది, దువ్వింది. చద్దన్నంలో ఉల్లిపాయ చిదిపి ముద్దలు చేసి నోటికి అందించింది. అతను చేసిందల్లా నోరు తెరవడం. నేను ఒక్కొక్కదాని ఎదుట సున్నా పెడుతుంటే ఆమె ఆ సున్నాల వంక ఓరగా చూస్తూనే ఉంది.

"అమ్మా, ఒక్క పది నిమిషాలు మీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఆయన్నే తిననివ్వండి," అన్నాను.

కూర్చుంది. పోలరాజు కంచం వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఎడం చేత్తో తిను పోలరాజూ. పర్లేదు."

"ఎడం సేత్తో కూడా బాబూ?" అతని మాట కొంచెం ముద్దగా వచ్చింది గాని అందులో పౌరుషం ముద్దగా లేదు. "మనుసులం కాదేటి మనం?"

"అయితే కుడి చేత్తో ప్రయత్నించు."

"అది సచ్చిపోనాది."

అయినా నా మొహం చూసి జాలిపడ్డాడేమో, చెంచా అడిగాడు. ఎడం చేత్తో చెంచా పట్టుకుని ఎత్తేసరికి మెతుకులు చొక్కా మీద పడ్డాయి. పడ్డాయో లేదో దాలమ్మ లేచి చెంచా లాక్కుంది.

"మీ సదువు మీ కాడుంచుకోండి బాబూ. మొగుడి నోట్లో ముద్దెట్టడం తప్పని ఏ పుస్తకంలో ఉన్నాది?"

నాకూ చిరాకొచ్చింది. "తప్పని కాదమ్మా. అబద్ధం చెప్పి నాచేత వంద వేయించారు. ఇప్పుడు చూడండి, ముప్పై కూడా దాటేలా లేదు."

"మొన్న వందేసి ఇయ్యాల ముప్పయ్యా?" ఆమె గొంతు పెరిగింది. "రెండు రోజుల్లో మా ఆయన డెబ్బయి తగ్గిపోనాడా?"

నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"పరాయోళ్ల ముందర మొగుడికి సేతకాదని ఎలగ సెప్పమంతారు బాబూ? ఇరవై రెండేళ్లు అంత ఎత్తున కూకుని ఇనప దిమ్మలు తిప్పినోడు. ఈయనకి బొత్తం ఎట్టుకోడం రాదని నా నోటితో సెప్పనా? ఆ పని లేదంతే ఈ మనిసి బతకడు."

ఆ మాటతో నా కోపమంతా దిగిపోయింది. మొన్న అడిగి రాసి తప్పు చేశాను, ఇవాళ చూసి రాస్తే అతని ఉద్యోగం తీసేస్తున్నాను. సర్టిఫికెట్టు తెచ్చుకున్ననాడు ఇలాంటి ఉదయం ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు. అట్ట పట్టుకుని అరుగు మీదికొచ్చి, ముప్పై అని రాయడానికి చెయ్యి రాక ఊరికే కూర్చున్నాను.

దాలమ్మ బయటికొచ్చి నాకు కాస్త దూరంగా కూలబడింది. బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ. మా అమ్మమ్మా అలాగే తాగేది. ఎంతో కాలానికి ఆ వాసన తగిలితే కాస్త మనసు కుదుటపడింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఈ ఊళ్లో చుట్టలు దొరుకుతాయా అమ్మా?"

"కొన్నవి కావు బాబూ. పొగాకు మా అన్న పలాసనుంచి పంపుతాడు."

"ఇంత పనిలో చుట్టుకోడానికి తీరికెక్కడిది మీకు?"

"నానెక్కడ సుడతన్నాను? ఆయనే సుడతాడు."

ఆయనే! అన్నం ఆయనే, స్నానం ఆయనే, బొత్తాలు ఆయనే, ఇప్పుడు చుట్ట కూడా ఆయనే. ఇంక నా వల్ల కాలేదు. "అమ్మా, మీకో దండం," అని లేచి పెన్ను జేబులో పెట్టుకుని సైకిల్ స్టాండు తన్నాను.

ఆమె చివాలున లేచింది. లోపలికెళ్లి మంచం కిందనుంచి బిస్కట్ల రేకు డబ్బా లాగి గుమ్మంలో నా ముందు పెట్టింది. మూత తీస్తే తడిగుడ్డలో చుట్టిన పొగాకు, దారపు ఉండ, రెండు చుట్టలు.

"మావా, సూపించు బాబుకి."

"ఒలే, ఊరుకోవే!" లోపలినుంచి కసురుకున్నాడు పోలరాజు. అతని మొహం చింతనిప్పులా ఎర్రబడింది. "తలుపెయ్యి. ఎవులైనా సూత్తారు."

అంత సిగ్గు దేనికో నాకు తర్వాత తెలిసింది. మగవాడు తన చుట్ట తను చుట్టుకుంటాడు. పెళ్లాం తాగే చుట్ట కూర్చుని చుట్టిపెట్టేవాణ్ని ఆ వీధిలో ఏడాదిపాటు ఆటపట్టిస్తారు. తలుపేశాక, నా వంక చూడకుండా చెప్పాడు.

"పొద్దల్లా నాకు సేసీసరికి దీనికి తీరిక నేదు బాబూ. పొగ మానీసినాది. పొగ నేపోతే దీని మొగం సూడనేం. ఏదో ఒకటి సేద్దారని..."

అతను ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి, తెచ్చి, ఒళ్లో పరిచిన ఆకు మీద పెట్టాడు. కాగితం ఎగిరిపోకుండా పెట్టే రాయిలాగే పెట్టాడు. సరే, బరువుకి పెట్టాడు, దానికి మార్కులు లేవు అనుకున్నాను. ఎడం చేత్తో ఈనె తీశాడు, లోపలికి ముక్కలు సర్దాడు, తొడ మీద దొర్లించడం మొదలుపెట్టాడు. ఆకు అంచు విప్పుకోబోయింది. అప్పుడు ఆ చచ్చిపోయిన చెయ్యి కదిలింది. బొటనవేలు నెమ్మదిగా వచ్చి చూపుడువేలిని కలుసుకుంది. రెండూ కలిసి చుట్ట కొసని పట్టుకున్నాయి. ఎడం చెయ్యి దారం చుట్టి, పళ్లతో లాగి ముడి వేసేదాకా అవి వదల్లేదు.

నేను నేల మీద మోకాళ్లేసుకుని ఆ రెండు వేళ్ల వంకే చూస్తున్నాను. నా గోళీని గదంతా దొర్లించిన వేళ్లు అవి.

"రోజుకి ఎన్ని?"

"మొదట్లో పూటంతా కూకుంతే ఒకటి. ఇప్పుడు నాలుగు."

"మొన్న గోళీ పట్టుకోమంటే ఎందుకు పట్టుకోలేదయ్యా?"

"గోళీ నాకెందుకు బాబూ?" అన్నాడు పోలరాజు.

శుక్రవారం పదకొండు గంటలకి బోర్డు. పొడుగు బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు, ఒక చివర మా సీతారామరావు గారు. అధ్యక్షుడు దళసరి కళ్లద్దాల బెంగాలీ పెద్దమనిషి. పోలరాజు బల్ల ముందు కుర్చీలో, దాలమ్మ తలుపు దగ్గర. అంతకుముందు రెండు రోజులూ అతన్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మగాళ్ల ముందు ఆడదాని చుట్ట చుట్టనంటాడు. చివరికి ఎవరిదని ఎవరూ అడగరు, నువ్వు చుట్టు చాలు అని నచ్చజెప్పి తీసుకొచ్చాను.

ముప్పై మార్కుల కాగితం ఇచ్చాను. అధ్యక్షుడు చూసి పెదవి విరిచాడు. కుడి చేతిలో ఈ కాగితానికి అందని పని ఉందండీ, ఒక్కసారి చూడండి అన్నాను. పోలరాజు రేకు డబ్బా మూత తీశాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఒకసారి ఆకు చిరిగితే మళ్లీ మొదలుపెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిసినప్పుడు అధ్యక్షుడు బల్ల మీదికి వంగాడు. ముడి పడ్డాక చుట్టని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"యే తుమ్ పీతే హో?" నువ్వు తాగుతున్నావా? పక్షవాతం వచ్చి రెండు నెలలే అయింది, పొగ తాగితే మళ్లీ వస్తుందని వార్డులో చెప్పలేదా? డాక్టరు మాట విననివాణ్ని పనిలోకి తీసుకుని ఏం చెయ్యాలి? అంటూ హిందీలో దులిపేసి, పెన్ను తీసి కాగితం ముందుకి లాక్కున్నాడు.

 ఎవరిదని ఎవరూ అడగరని చెప్పింది నేనే. ఇంతలో తలుపు దగ్గర దాలమ్మ నోరు తెరిచింది. ఆ నోట ఏ మాట వస్తుందో నాకు తెలుసు. 'ఆయనదే' అంటుంది. మొగుడి పరువు నిలబెట్టడానికి ఆమెకి తెలిసిన మాట అదొక్కటే, అతని ఉద్యోగాన్ని ముంచేదీ అదే.

పోలరాజు ముందే అందుకున్నాడు.

"మేరా నహీఁ, సాబ్." ఎడం చేత్తో తలుపు వైపు చూపించాడు. "ఉస్కా హై. మేరీ ఔరత్ కా."

నాది కాదు, నా పెళ్లాంది.  అతను తలదించుకోలేదు. కార్ఖానా హిందీలో, ముద్దమాటతో, ఒక్కొక్క ముక్కే చెప్పాడు: పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అన్నీ అదే నాకు చేస్తుంది సాబ్. దానికి నేను చేసేది ఇదొక్కటే.

అధ్యక్షుడు పెన్ను కింద పెట్టాడు. దాలమ్మకి హిందీ అంతంతమాత్రమే. ఏమన్నాడు, ఏమన్నాడు అన్నట్టు నా వంక చూస్తోంది. సీతారామరావు గారు గొంతు సవరించుకుని తెలుగులో అన్నారు.

"అమ్మా, నువ్వూ ఈ చుట్ట మానాలి. మంచిది కాదు."

"మానేత్తాను బాబూ," అంది దాలమ్మ వెంటనే. "మరి ఈయన సేతికి ఏటి పనిత్తారు?"

ఏమంటోంది అని అధ్యక్షుడు నన్నడిగాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి కాసేపు తుడుచుకుని, రాయడం మొదలుపెట్టాడు. మూడు నెలలు చేతికి రోజూ వ్యాయామం, ఆ తర్వాత టూల్ రూమ్‌లో తేలిక పని. వ్యాయామం అన్న చోట ఆగి, ఇప్పుడు రోజుకి ఎన్ని చుడుతున్నాడు అన్నాడు. నాలుగు అన్నాను. ఆరు చుట్టమను, ఆమెని ఒక్కటే తాగమను, తక్కినవి విప్పి మళ్లీ చుట్టుకోమను అన్నాడు. ఆ ముక్క మాత్రం కాగితం మీద రాయలేదు.

కిందికి దిగి గేటు దగ్గరికొచ్చాం. రిక్షా ఉంది. పోలరాజు చెప్పు ఒకటి ఊడి పక్కకి పడింది. దాలమ్మ అలవాటుగా వంగింది. సగం వంగి ఆగిపోయింది. నిటారుగా లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. పోలరాజు ఒకసారి ఆమె వంక చూసి, రిక్షా పట్టుకుని, ఆ కాలు చెప్పు మీదికి తెచ్చాడు. జారింది. మళ్లీ తెచ్చాడు. రిక్షావాడు సాయానికి రాబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. దాలమ్మ పెదవి కొరుక్కుంటోంది. నాలుగోసారికి పాదం చెప్పులో పడింది.

ఆమె నా వైపు తిరిగింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకి తేలేదు.

"ఆయనే ఏసుకున్నాడు బాబూ," అంది. "రాసుకోండి."

జేబులోంచి పెన్ను తీసి, రిక్షా సీటు మీద ఇంకో ఖాళీ పట్టిక పెట్టి, రాసుకున్నాను.